క్వార్టర్ గోడ దాటని గిటార్

రాత్రీ పగలూ రైళ్లు తిరిగే బిలాస్‌పూర్‌లో ఎలక్ట్రిక్ గిటార్‌ను గట్టిగా వాయిస్తే పక్కింట్లో ఎవరి నిద్రో చెడుతుంది. ఆంప్లిఫయర్ పనిని చప్పుడు లేకుండా చేసిపెడతామంటూ సాఫ్ట్‌వేర్లు డజన్లకొద్దీ వచ్చాయి. వాటిలో దేన్ని ఎంచుకోవాలన్న ప్రశ్నకు జవాబు చాలావరకు సాఫ్ట్‌వేర్ బయటే ఉంది.

మధ్యాహ్నం రెండు గంటల వేళ బిలాస్‌పూర్ రైల్వే కాలనీ వీధుల్లో నడిస్తే కొన్ని ఇళ్ల కిటికీలకు దళసరి పరదాలు దించి కనిపిస్తాయి. లోపల నిద్రపోతున్న వారు బద్ధకస్తులేమీ కాదు. రాత్రంతా బొగ్గు గూడ్సులు నడిపి పొద్దెక్కాక ఇల్లు చేరిన లోకో పైలట్లు, వారి అసిస్టెంట్లు, 2022 దాకా గార్డులనీ ఆ తర్వాత ట్రైన్ మేనేజర్లనీ పిలిపించుకుంటున్న ఉద్యోగులు. ఎనిమిది గంటలో, అంతకు మించో డ్యూటీ చేసి సొంత స్టేషన్ చేరిన రన్నింగ్ సిబ్బందికి 16 గంటల విశ్రాంతి ఇవ్వాలన్నది నిబంధన. ఆ విశ్రాంతి పగలు దొరుకుతుందా, రాత్రి దొరుకుతుందా అన్నది మాత్రం వారి చేతుల్లో లేదు. ఒకప్పుడు కాల్ బాయ్ పుస్తకం పట్టుకుని వచ్చి తలుపు తట్టేవాడు. ఇప్పుడు ఫోన్ మోగుతుంది. తేడా అంతే.

అలాంటి ఇంటికి ఒక్క గోడ అవతల ఓ ఇంటర్ కుర్రాడు ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కున్నాడనుకుందాం. దాంతోపాటు షాపువాడు అంటగట్టిన చిన్న క్యూబ్ ఆంప్లిఫయర్ ఒకటి. మొదటి రోజు సాయంత్రానికే పక్కింటి అత్తయ్య గుమ్మంలోకి వచ్చి, ‘బాబూ, మావయ్య ఇప్పుడే కళ్లు మూశారు, రాత్రికి మళ్లీ బండెక్కాలి’ అంటుంది. ఆమె మాటలో న్యాయం ఉంది. నిద్ర చాలని మనిషి చేతిలో వేల టన్నుల బండి ఉండటం ఎవరికీ క్షేమం కాదు. కుర్రాడి కోరికలోనూ తప్పులేదు. తాను కట్టిన పాటను ఇంట్లోనే రికార్డు చేసుకోవాలన్నది అతడి ఆశ. ఈ తగువు ఏ ఒక్క ఇంటిదో కాదు. రైల్వే క్వార్టర్లున్న ప్రతి ఊళ్లోనూ, ఇరుకు గోడల అపార్టుమెంటున్న ప్రతి నగరంలోనూ ఉన్నదే. కాకపోతే బిలాస్‌పూర్‌లో రాత్రి అనేది వేళ కాదు, షిఫ్టు. అందుకే ఇక్కడ ‘పగలు వాయించుకోరా’ అన్న సలహా కూడా పనికిరాదు.

వాల్తేరు చుట్టరికం

బిలాస్‌పూర్‌లో తెలుగు మాట నిన్న మొన్న వినిపించింది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఛత్తీస్‌గఢ్ మీదుగా తూర్పుకు లైను వేసి, 1900 నాటికి దాన్ని హౌరాతో కలిపింది. తర్వాత కొద్దికాలానికే తూర్పు తీరపు లైనులో ఉత్తర భాగం కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. అలా వాల్తేరు, ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ ఒకే యజమాని కిందకు చేరాయి. ఉత్తరాంధ్ర నుంచి కొలువుకు బయల్దేరినవారికి ఖరగ్‌పూర్‌లాగే బిలాస్‌పూర్ కూడా రెండో ఊరైంది. 1931లో విజయనగరం, రాయపూర్ మధ్య లైను పూర్తవడంతో దూరం ఇంకా తగ్గింది. 2003లో జోన్లు విడిపోయినప్పుడు వాల్తేరు డివిజన్ ఈస్ట్ కోస్ట్ రైల్వేలోకి వెళ్లింది, బిలాస్‌పూర్ కొత్తగా పుట్టిన సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకు కేంద్రమైంది. కాగితాల మీద దారులు వేరైనా విశాఖ-కోర్బా ఎక్స్‌ప్రెస్, బిలాస్‌పూర్-తిరుపతి ఎక్స్‌ప్రెస్ ఆ చుట్టరికాన్ని కొనసాగించాయి.

రైల్వే ఊళ్లకు గిటార్ కూడా పాత చుట్టమే. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఎక్కువగా ఉన్న రోజుల్లో రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో డాన్సులుండేవి, డాన్సులకు బ్యాండ్లుండేవి. చర్చి పాటల్లో గిటార్ అప్పటికీ ఇప్పటికీ ఉంది. హౌరా దారిలో ఉన్న ఊరికి కోల్‌కతాలో తయారయ్యే గివ్‌సన్ వంటి గిటార్లు అందనంత దూరమేమీ కాదు. అవన్నీ చెక్క పెట్టె ఉన్న అకూస్టిక్ గిటార్లు కావడంతో గొడవ లేకపోయింది. వాటి గొంతు గది దాటి పెద్దగా పోదు. చిక్కంతా ఎలక్ట్రిక్ గిటార్‌తోనే.

గొంతు ఎక్కడుంది?

ఎలక్ట్రిక్ గిటార్ అనేది నిజానికి సగం వాయిద్యమే. మిగతా సగం ఆంప్లిఫయర్. తీగల కింద ఉండే పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన చిన్న పరికరం. తీగ కదిలితే అందులో అతి బలహీనమైన విద్యుత్ సంకేతం పుడుతుంది. దాన్ని నేరుగా కంప్యూటర్‌లోకి తీసుకుని వింటే పొడిగా, పీలగా ఉంటుంది. ఇదా నేను కొన్న గిటార్ అనిపిస్తుంది. దానికి ఒళ్లూ ఊపిరీ పోసేవి మూడు: సంకేతాన్ని పెంచుతూనే దాని రూపు మార్చే ఆంప్ సర్క్యూట్, పెద్ద స్పీకర్ ఉన్న చెక్క పెట్టె, ఆ స్పీకర్ ముందు పెట్టే మైకు.

ఇక్కడే ఓ తమాషా ఉంది. ప్రపంచం మోహపడిన గిటార్ నాదం ఒక లోపం నుంచి పుట్టింది. ఆంప్లిఫయర్ తయారుచేసినవారు శబ్దం స్వచ్ఛంగా రావాలనుకున్నారు. వాయించేవారు దాన్ని శక్తికి మించి తోశారు. మోయలేని బరువెత్తిన వాల్వులు శబ్దపు అంచులను నలగ్గొట్టాయి. ఆ నలుగుడే అందంగా ఉందన్నారు కుర్రకారు. లండన్‌లో డ్రమ్ముల దుకాణం నడిపే జిమ్ మార్షల్ 1962లో అమెరికన్ ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ను చూసుకుని, దొరికిన విడిభాగాలతో జేటీఎం 45 తయారు చేయించాడు. రాక్ సంగీతపు గరగర గొంతుకు అది ఓ పెద్ద మలుపు.

మరి ఆంప్ కొనుక్కుని, చిన్నగా పెట్టుకుని వాయిస్తే పోలేదా? పోదు. ఆ నలుగుడు రావాలంటే ఆంప్ కష్టపడాలి. కష్టపడితే చప్పుడు తప్పదు. గిటార్ స్పీకర్లకు ఒక్క వాట్ ఇస్తే చాలు, మీటరు దూరంలో 95 నుంచి 100 డెసిబెల్స్ దాకా మోగుతాయి. పది వాట్లకు అది ఇంకో పది డెసిబెల్స్ పెరుగుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. అదీగాక మార్షల్ వారి నాలుగు స్పీకర్ల పెట్టె బరువు 30 కిలోలు దాటుతుంది. బదిలీ ఉద్యోగాల ఇళ్లలో బీరువా మోయడానికే మనుషులు దొరకని పరిస్థితి.

నేలమాళిగ నుంచి నమూనా దాకా

ఇరుగు పొరుగుకు వినపడకుండా ఆంప్ గొంతు తెచ్చుకోవాలన్న ఆలోచన కంప్యూటర్ కంటే ముందే వచ్చింది. అమెరికాలో ఎంఐటీలో చదివి పోలరాయిడ్ కంపెనీలో ఇంజినీరుగా చేసిన టామ్ షోల్జ్ తన ఇంటి నేలమాళిగలోనే పాటలు రికార్డు చేసుకునేవాడు. 1976లో బోస్టన్ బ్యాండ్ తొలి ఆల్బమ్‌గా బయటికొచ్చి లక్షలకు లక్షలు అమ్ముడైన సంగీతంలో ఎక్కువ భాగం ఆ నేలమాళిగలో పుట్టిందే. 1982లో ఆయన నడుముకు తగిలించుకునే రాక్‌మన్ అనే చిన్న పెట్టె తెచ్చాడు. గిటార్ ఇటు పెడితే హెడ్‌ఫోన్‌లో స్టూడియో గొంతు వినిపించేది. 1998లో లైన్ 6 కంపెనీ చిక్కుడు గింజ ఆకారంలో ఎర్రటి పాడ్‌ను తెచ్చింది. అందులో పాత ఆంప్‌ల నడతను లెక్కలుగా మార్చి చిప్‌లో కూర్చారు. 2002లో ఇటలీ నుంచి ఆంప్లిట్యూబ్, 2004లో జర్మనీ నుంచి గిటార్ రిగ్ వచ్చాయి. పెట్టె కూడా పోయి, కంప్యూటరే ఆంప్ అయింది.

తొలి తరం సాఫ్ట్‌వేర్లంటే ఆంప్ వాయించి ఎరిగినవారు పెదవి విరిచేవారు. తేనెటీగల రొద అనే వెక్కిరింత అప్పటిదే. ఆ మాట ఇప్పుడు చెల్లదు. మార్పు రెండు దారుల్లో వచ్చింది. మొదటి దారిలో ఆంప్‌లోని ప్రతి వాల్వు, ప్రతి కెపాసిటర్ ఎలా నడుస్తుందో లెక్క కడతారు. వంటవాడి పక్కన కూర్చుని పాళ్లు రాసుకోవడం లాంటిది. రెండో దారిలో పాళ్లతో పని లేదు. తెలిసిన శబ్దాన్ని నిజమైన ఆంప్‌లోకి పంపి, బయటికొచ్చిన శబ్దంతో పోల్చి, ఆ తేడాను యంత్రమే నేర్చుకుంటుంది. పులుసు రుచి చూసి అదే రుచి తెప్పించడమన్నమాట. నిజమైన ఆంప్‌ను ఇలా ‘ఫొటో’ తీసే పద్ధతిని 2011లో జర్మనీకి చెందిన కెంపర్ ఓ పరికరంగా తెచ్చింది. తర్వాత న్యూరల్ నెట్‌వర్కులు రంగంలోకి దిగాయి. ఫిన్లాండ్‌లోని న్యూరల్ డీఎస్‌పీ కంపెనీ ఈ దారిలో పేరు తెచ్చుకుంది. స్టీవెన్ అట్కిన్సన్ అనే ఆయన మరో అడుగు వేసి న్యూరల్ ఆంప్ మోడలర్ అనే ప్రోగ్రామ్ రాసి, సోర్స్ కోడ్‌తో సహా ఉచితంగా వదిలేశాడు. అభిమానులు దాన్ని ముద్దుగా నామ్ అంటారు. కొద్ది నిమిషాల రికార్డింగ్‌తో ఎవరైనా తమ ఆంప్ నమూనా తయారుచేసి నలుగురికీ పంచవచ్చు. అలా పంచినవి ఇంటర్నెట్‌లో వేల సంఖ్యలో ఉన్నాయి.

రెండో దారికి ఓ పరిమితి ఉంది. ఒక నమూనా అంటే ఆంప్ మీది బిరడాలు ఒక స్థితిలో ఉన్నప్పుడు తీసిన ఫొటో. గెయిన్ కాస్త తగ్గిద్దామంటే చాలాసార్లు ఇంకో ఫొటో వెతుక్కోవాలి. బిరడాలు తిప్పుతూ నేర్చుకోవాల్సిన దశలో ఉన్నవారికి లెక్కలు కట్టిన ఆంపే మంచి గురువు. ఏ గొంతు కావాలో తెలిసినవారికి ఫొటో చాలు.

ముందు తలుపు సంగతి

సాఫ్ట్‌వేర్ కొనాలనుకునేవారు చేసే మొదటి పొరపాటు సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టడం. గిటార్ కంప్యూటర్‌లోకి వెళ్లే తలుపు సరిగా లేకపోతే లోపల మార్షల్ ఉన్నా మరొకటున్నా ఒకటే. లాప్‌టాప్ మైకు రంధ్రంలో అడాప్టర్ పెట్టి గిటార్ దూర్చడం అందరూ చేసేదే. ఆ రంధ్రం గిటార్ కోసం చేసింది కాదు. గిటార్ పికప్‌కు దాదాపు పది లక్షల ఓములు, అంటే ఒక మెగా ఓమ్ అవరోధం ఉన్న ఇన్‌పుట్ కావాలి. అంతకంటే బాగా తక్కువైతే పై స్థాయి మెరుపంతా చచ్చిపోయి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, బెరింగర్ యూఎం2 తరహా చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌లలో గిటార్ కోసం ప్రత్యేక ఇన్‌పుట్ ఉంటుంది. పెట్టాల్సిన మొదటి రూపాయి అక్కడ పెట్టాలి.

ఇంటర్‌ఫేస్ మీది గెయిన్ బిరడాను ఎంతలో ఉంచాలన్నది రెండో మెలిక. చాలామంది ఎర్ర దీపం వెలిగే దాకా తిప్పి, కాస్త వెనక్కి తెస్తారు. మామూలు రికార్డింగ్‌కు అది చెల్లుతుందేమో గానీ ఇక్కడ కాదు. ఆంప్ నమూనాకు నిజమైన గిటార్ ఇచ్చేంత సంకేతమే అందాలి. ఎక్కువ పంపితే శుభ్రంగా మోగాల్సిన ఆంప్ కూడా గరగరమంటుంది. అది చూసి ఈ సాఫ్ట్‌వేర్ బాగాలేదని తీర్పు చెప్పేస్తారు. పలు కంపెనీలు తమ ప్లగిన్‌కు ఎంత స్థాయి పంపాలో మాన్యువల్‌లో రాస్తాయి. ఎవరూ చదవని పేజీ అదే.

ఇక ఆలస్యం. తీగ మీటిన క్షణానికీ హెడ్‌ఫోన్‌లో వినిపించే క్షణానికీ మధ్య కంప్యూటర్ కొంత సమయం తీసుకుంటుంది. శబ్దాన్ని అది గూడ్సు బండిలా నడుపుతుంది. ఒక్కో నమూనాను అప్పటికప్పుడు పంపదు, కొన్నింటిని పోగుచేసి ఓ వ్యాగన్ నిండాక వదులుతుంది. ఆ వ్యాగనే బఫర్. సెకనుకు 44,100 నమూనాల చొప్పున 128 నమూనాల బఫర్ అంటే 2.9 మిల్లీసెకన్లు. రావడానికొకటి, పోవడానికొకటి, ఇంటర్‌ఫేస్ సొంత ఆలస్యం మరికొంత. అన్నీ కలిసి పది మిల్లీసెకన్ల లోపు ఉంటే చాలామంది చేతికి తెలియదు. గాలిలో శబ్దం పది మిల్లీసెకన్లలో మూడున్నర మీటర్లు పోతుంది. అంటే గదిలో ఆ మూలనున్న ఆంప్‌ను ఈ మూల నుంచి విన్నట్టే. అంతకు రెండింతలైతే తాళం జారుతుంది, తప్పు తన వేళ్లదేననుకుని కుర్రాడు కుంగిపోతాడు. విండోస్ మామూలు దారిలో శబ్దం నిదానంగా ప్రయాణిస్తుంది కాబట్టి స్టైన్‌బర్గ్ కంపెనీ ఏఎస్ఐఓ అనే అడ్డదారి వేసింది. ఇంటర్‌ఫేస్ కొనేముందు దానికి సొంత ఏఎస్ఐఓ డ్రైవర్ ఉందో లేదో కనుక్కోవడం ఏ ఆంప్ బొమ్మ అందంగా ఉందో చూడటం కంటే ముఖ్యం. రికార్డింగ్ అప్పుడు బఫర్ తగ్గించి, మిక్సింగ్ అప్పుడు పెంచుకోవాలి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాత్రం వద్దు. అది జోడించే ఆలస్యం సాధారణంగా వంద మిల్లీసెకన్లకు అటూ ఇటూగా ఉంటుంది. మిగతా జాగ్రత్తలన్నీ దాంతో నీటిపాలే. వైరున్న, చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ ఒకటి కొనుక్కుంటే రెండు సాఫ్ట్‌వేర్లు కొన్నదానికంటే మేలు.

గుయ్‌మనేది రైలు కాదు

రైల్వే కాలనీల్లో గిటార్ పట్టిన వారిని వేధించే ఇంకో సంగతి హమ్. ఊరి నెత్తి మీద 25 వేల వోల్టుల కరెంటు తీగలుంటే గిటార్ గుయ్‌మనక ఏం చేస్తుందన్నది తేలిగ్గా నోటికొచ్చే మాట. అనుమానం పూర్తిగా నిరాధారం కాదు. రైలు తీగలోని కరెంటూ, ఇంట్లోని కరెంటూ రెండూ సెకనుకు 100 సార్లు దిశ మార్చుకునేవే. సింగిల్ కాయిల్ పికప్ ఆ కదలికను యాంటెన్నాలా పట్టుకుంటుంది. కానీ దూరంతోపాటు అయస్కాంత క్షేత్రం తగ్గిపోతుంది. పట్టాలకు దూరంగా ఉన్న క్వార్టర్‌లో అసలు దొంగలు ఇంట్లోనే ఉంటారు. ఫ్యాన్ రెగ్యులేటర్, ట్యూబ్‌లైట్ చోక్, లాప్‌టాప్ ఛార్జర్, వేసవిలోనైతే కిటికీకి బిగించిన కూలర్ మోటారు. పరీక్ష సులువు. ఒక్కొక్కటీ ఆపి వినాలి. గిటార్ పట్టుకుని కూర్చున్న చోటనే నెమ్మదిగా చుట్టూ తిరగాలి. ఏదో ఒక దిశలో హమ్ బాగా తగ్గుతుంది. ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద వాయిస్తే నిశ్శబ్దమైతే సమస్య ఛార్జర్‌దే. తీగల మీద చేయి వేయగానే చప్పుడు తగ్గుతోందంటే ఇంటి ఎర్తింగ్‌ను ఓసారి చూపించుకోవాలి. అది గిటార్ కోసం కాదు, ప్రాణాల కోసం. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను పీకేస్తే హమ్ పోతుందని చెప్పేవారూ ఉంటారు. ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు.

ఈ హమ్‌కు విరుగుడుగా గిబ్సన్ కంపెనీ ఇంజినీరు సెత్ లవర్ 1955లో హంబకర్ పికప్ తయారు చేశాడు. రెండు చుట్టలను ఎదురుబొదురుగా కలిపితే బయటి చప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగ శబ్దం మిగులుతుంది. కొత్తగా గిటార్ కొంటున్నవారు, అదీ గరగర గొంతు కావాలనుకునేవారు, హంబకర్ ఉన్నది చూసుకోవడం మంచిది. సాఫ్ట్‌వేర్‌లో ఉండే నాయిస్ గేట్ స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీలో తలుపు మూయగలదు. స్వరంలోనే కలిసిపోయిన హమ్‌ను అది తీయలేదు.

పెట్టె మారితే గొంతు మారుతుంది

ప్రకటనలు చెప్పని రహస్యం ఒకటుంది. వినేవారి చెవికి పెద్ద తేడా తెచ్చేది తరచూ ఆంప్ కాదు, స్పీకర్ పెట్టె. గిటార్ స్పీకర్ మామూలుగా అయిదు వేల హెర్ట్జ్ పైన శబ్దాన్ని గట్టిగా కోసేస్తుంది. ఆ కోత లేకుండా ఆంప్ గరగరను నేరుగా వింటే తేనెటీగల తుట్టె కదిపినట్టే. సాఫ్ట్‌వేర్‌లో ఈ స్పీకర్ పని చేసేది ఇంపల్స్ రెస్పాన్స్ అనే బుల్లి ఫైలు. పెట్టె, స్పీకర్, మైకు, ఆ మైకు నిలబడ్డ చోటు, ఇవన్నీ కలిసి శబ్దాన్ని ఎలా మారుస్తాయో చెప్పే ముద్ర అది. సెకనులో ఓ చిన్న ముక్కంత ఉంటుంది. 1965 నుంచి అమ్మకంలో ఉన్న ష్యూర్ ఎస్ఎం 57 మైకును స్పీకర్ నడిబొడ్డున పెడితే శబ్దం కోసుకుపోయేలా ఉంటుంది. రెండంగుళాలు పక్కకు జరిపితే మెత్తబడుతుంది. అదే ఆంప్, అదే గిటార్. ఈ ఫైళ్లు ఉచితంగా బోలెడు దొరుకుతాయి. వాటిని మోయడానికి ఇగ్నైట్ ఆంప్స్ వారి నాడిర్ వంటి ఉచిత లోడర్లూ ఉన్నాయి. చేతిలో ఉన్న సాఫ్ట్‌వేర్ గొంతు నచ్చకపోతే కొత్తది కొనేముందు ఈ ఫైలు మార్చి చూడాలి. చాలా కొనుగోళ్లు అక్కడే ఆగిపోతాయి.

ఒకటే జాగ్రత్త. స్పీకర్‌తో కలిపి తీసిన నమూనాకు మళ్లీ స్పీకర్ ఫైలు తగిలించకూడదు. మైకుకు గుడ్డ చుట్టి పాడినట్టుంటుంది.

పది రూపాయల పరీక్ష కూడా కాదు

ఇప్పుడు ఎంపిక. ఉచితంగా దొరికే వాటితో మొదలుపెట్టాలి. నామ్ ఉంది. ఆంప్లిట్యూబ్‌కూ, గిటార్ రిగ్‌కూ తక్కువ సరుకుతో ఉచిత రూపాలు వచ్చాయి. లైనక్స్ వాడేవారికి గిటారిక్స్ ఉంది. వీటిని నడిపే రికార్డింగ్ ప్రోగ్రామ్ కోసం రీపర్ 60 రోజులు పూర్తి రూపంలో వాడి చూడనిస్తుంది. న్యూరల్ డీఎస్‌పీ ప్లగిన్లకు 14 రోజుల గడువుంది. ఇన్ని దారులుండగా క్రాక్ చేసిన కాపీల కోసం వెతకడం దొంగతనమే కాదు, తెలివితక్కువతనం కూడా. వాటి వెంట వచ్చే వైరస్‌కు నాన్నగారి బ్యాంకు పాస్‌వర్డ్ కూడా అదే లాప్‌టాప్‌లో ఉందని తెలుసు.

పోల్చే పద్ధతి మాత్రం పక్కాగా ఉండాలి. ముందు ఏ ఆంపూ లేకుండా గిటార్‌ను పొడిగా ఒక నిమిషం రికార్డు చేయాలి. అందులో మెల్లగా మీటిన తీగ, బలంగా కొట్టిన కార్డు, పాటలో నిజంగా వాయించబోయే ముక్క ఉండాలి. అదే నిమిషాన్ని ఒక్కో సాఫ్ట్‌వేర్ గుండా పంపి వినాలి. అన్నింటినీ ఒకే శబ్ద స్థాయికి తెచ్చాకే వినాలి. మనిషి చెవి రవ్వంత గట్టిగా వినిపించిందాన్నే మంచిదనుకుంటుంది. ఆంప్ ప్లగిన్ల రెడీమేడ్ సెట్టింగులు మొదటి క్షణంలోనే గొప్పగా వినిపించేలా పెద్ద శబ్దంతో, చుట్టూ ప్రతిధ్వనితో పోతపోసి ఉంటాయి. చీరల దుకాణంలో లైట్ల లాంటివవి. రీవెర్బ్, డిలే ఆపేసి చూడాలి. గిటార్ వాల్యూమ్ సగానికి తగ్గించినప్పుడు గరగర కూడా తగ్గి శుభ్రపడుతోందా, మెల్లగా మీటితే మెల్లగా పలుకుతోందా అన్నదే మంచి నమూనాకు గీటురాయి. చివరగా డ్రమ్స్, బేస్, పాటతో కలిపి వినాలి. ఒంటరిగా బ్రహ్మాండంగా ఉన్న గొంతు పాటలో గాయకుడి మీద పడి కొట్టుకోవడం, ఒంటరిగా పలచగా అనిపించింది పాటలో చక్కగా ఒదిగిపోవడం మామూలే. మర్నాడు పొద్దున ఫోన్ స్పీకర్‌లో మళ్లీ ఒకసారి.

ఇంత చేశాక కూడా డబ్బు పెట్టాలనిపిస్తే పెట్టొచ్చు. అప్పటికి ఏం కావాలో తెలిసి ఉంటుంది. చర్చి పాటలకో, సినిమా మెలోడీలకో శుభ్రమైన గొంతు, కాస్త కోరస్, కాస్త రీవెర్బ్ కావాల్సినవారు మెటల్ సంగీతం కోసం తయారైన ఖరీదైన ప్యాక్ కొనడం కూరగాయలు తేవడానికి లారీ మాట్లాడటమే. బరువైన రిఫ్‌లు వాయించేవారికి మాత్రం ఆ ప్యాక్‌లలో శ్రమ తప్పుతుంది. జాబితాలో వంద ఆంప్‌లున్నాయన్నది ఎవరికీ కొలమానం కాకూడదు. ఇంట్లో వాయించేవాడికి రెండు చాలు, మూడోది మోజు. పాత లాప్‌టాప్ అయితే ప్రాసెసర్ ఏమాత్రం మోయగలదో కూడా చూసుకోవాలి. శబ్దం మధ్యలో టపటపమని తెగుతోందంటే అది మోయలేనంటున్నట్టు. నామ్‌లో ఇలాంటి యంత్రాల కోసం ఫెదర్, నానో అనే తేలికపాటి నమూనాలున్నాయి. కొంత నాణ్యత పోతుంది, పని నడుస్తుంది.

ఎంచుకున్నది ఏదైనా పొడి రికార్డింగ్‌ను చెరిపేయకూడదు. నిజమైన ఆంప్ ముందు మైకు పెట్టి తీసింది ఎప్పటికీ అంతే. పొడిగా దాచుకున్న గిటార్‌కు వచ్చే ఏడాది ఇంతకంటే మంచి నమూనా వస్తే దాన్ని తొడగవచ్చు, కొత్తగా వాయించక్కర్లేదు.

రైల్వే ఊరికి ఈ పద్ధతిలో ఇంకో సుఖం ఉంది. గిటార్ తీగ నుంచి కంప్యూటర్ దాకా దారిలో మైకు లేదు కాబట్టి గదిలో చప్పుళ్లేవీ లోపలికి రావు. మే నెల ఎండలో ఫ్యాన్ ఆపి చెమటలో తడవక్కర్లేదు. కూలర్‌ను హమ్ పట్టనంత దూరంలో తిరగనివ్వొచ్చు. వీధిలో పెళ్లి ఊరేగింపు, యార్డులో షంటింగ్, ఔటర్‌లో హారన్ వేసిన ఇంజిన్, ఏదీ ట్రాక్‌లో వినపడదు. గోడ అవతల మావయ్య నిద్రకూ భంగం లేదు. గొంతుతో మాత్రం ఇంకా పేచీ తీరలేదు. పాట పాడటానికి మైకు కావాలి, మైకుకు అన్నీ వినిపిస్తాయి. కాబట్టి గిటార్ పని ఏ అర్ధరాత్రో ముగించుకుని, ఫ్యాన్ కట్టేసి, పల్లవి కోసం రెండు గూడ్సుల మధ్య ఖాళీ దొరికేదాకా కూర్చోవాలి.